సోలార్ సైకిల్ ట్రాక్, అద్దె సైకిల్: ఆదివారం రైడ్‌కి వెళ్ళేవాళ్ళ కోసం

ముందే తేల్చి చెప్పేస్తా. హైదరాబాద్ సోలార్ సైకిల్ ట్రాక్‌కి అయిదుకి నాలుగున్నర మార్కులు. దాని దగ్గర్లో మేము సైకిళ్ళు అద్దెకు తీసుకున్న షాపుకి రెండు, ఆ రెండూ కూడా అక్కడి కుర్రాడి మంచి మాట చూసి వేసినవే. షాపు పేరు రాయను, ఆ చుట్టుపక్కల అలాంటివి ఇంకా ఉన్నాయి, ఎక్కడ తీసుకున్నా చూసుకోవాల్సినవి అవే.

ట్రాక్ గురించి తెలియనివాళ్ళకి: ఔటర్ రింగ్ రోడ్డుకీ దాని సర్వీసు రోడ్డుకీ మధ్య, నెత్తిన సోలార్ పలకల కప్పుతో వేసిన సైకిల్ బాట. 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు, రెండు ముక్కలు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు, అంటే ఎదురుగా ఒకరు వస్తున్నా పక్కనుంచి ఇంకొకరు దాటిపోవచ్చు. కప్పు మీద పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజాన్ నుంచి సెజాంగ్ వెళ్ళే హైవే మధ్యలో ఇలాంటిదే 32 కిలోమీటర్లు ఉంది, మనవాళ్ళు దాన్ని చూసే ఇది వేశారు. నయం, మనది రోడ్డు నడిమధ్యలో కాకుండా ఒక పక్కకి పెట్టారు.

నీడ, నున్నటి నేల, బస్సు హారన్ లేకపోవడం, ఈ మూడూ కలిసి సిటీలో ఇంకెక్కడ దొరుకుతాయి చెప్పండి. సైకిల్ వదిలేసి పదేళ్ళైన మా బావమరిది కూడా మొదటి కిలోమీటరు దాటేసరికి ఈల వేయడం మొదలుపెట్టాడు. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, ట్రాక్ మీదకి చేరడానికి సర్వీసు రోడ్డు దాటాలి, అక్కడ కార్లు మనల్ని చూసి ఆగే రకం కాదు. ఇంకోటి, పొద్దున్నే వాకింగ్ వాళ్ళు నలుగురు చేతులు కలుపుకున్నట్టు అడ్డంగా వస్తారు, కొందరు నడి ట్రాక్‌లో నిలబడి ఫొటోలు దిగుతారు. బెల్లు లేని సైకిల్ తీసుకుంటే గొంతే బెల్లు.

ఇక ఎటు తొక్కాలి అన్నది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు నార్సింగిలో మొదలుపెట్టి కొల్లూరు వైపు వెళ్ళండి, కానీ చివరిదాకా వెళ్ళి తీరాలన్న పంతం వద్దు. వెళ్ళి రావడం 29 కిలోమీటర్లు అవుతుంది, అలవాటు లేని కాళ్ళకి అది చాలా ఎక్కువ. ఇది గుండ్రంగా తిరిగొచ్చే దారి కాదు, ఎంత దూరం పోతే అంత దూరం వెనక్కి తొక్కాలి, కాబట్టి ఒళ్ళు హుషారుగా ఉండగానే తిప్పేయాలి. దీనికి గాలి లెక్క కూడా తోడవుతుంది. కొల్లూరు నార్సింగికి వాయవ్యంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి పడమటి గాలి గట్టిగా వీస్తుంది కదా, ఆ నెలల్లో వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. అదే మేలు, ముందు కష్టపడి తర్వాత తేలిగ్గా ఇంటికి రావచ్చు. ఎదురుగాలిలో స్పీడు చూసి టెన్షన్ పడకుండా ఒకటి రెండు గేర్లు దించి కాళ్ళు తేలిగ్గా తిరిగేలా చూసుకోండి.

కప్పు ఉంది కదా అని తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చేవాళ్ళని చూశాను. కప్పు పైనుంచి వచ్చే ఎండని ఆపుతుంది, వడగాలిని కాదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆరున్నరకల్లా ట్రాక్ మీద ఉండాలి, లేదంటే మానేయడం మంచిది. పొద్దు వాలుగా ఉన్నప్పుడు కప్పు కింద నుంచి పక్కలకి ఎండ కొడుతుంది కాబట్టి కళ్ళద్దాలు ఉంటే హాయి. వానకి కూడా అంతే, నిలువుగా పడితే ఫరవాలేదు, గాలితో కలిసి వస్తే తడిసి ముద్ద అవుతాం. అసలు సీజన్ అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి, పొద్దున్నే సన్నగా మంచు పట్టి ఉంటే మస్తు ఉంటుంది.

షాపు సంగతికి వద్దాం. మాకిచ్చిన వాటిలో ఒకదానికి వెనక టైరు వేలితో నొక్కితే లోపలికి పోతోంది, ఇంకోదానికి ముందు బ్రేకు లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా నొక్కితే గాని పట్టదు. అడిగితే కుర్రాడు నవ్వుతూ "ఏం గాదన్నా, నడుస్తది" అన్నాడు. నడుస్తది నిజమే, ఆగాలి కదా తమ్ముడూ! గాలి కొట్టే పంపు ఉంది గాని దాని మీటరు పనిచేయదు. హెల్మెట్లు పెద్దవాళ్ళవే, మా అక్క కొడుకు తల మీద పెడితే కళ్ళ మీదకి జారిపోయింది. డిపాజిట్‌గా ఒరిజినల్ ఆధార్ అడిగారు, జిరాక్స్ ఇస్తామంటే ఫోన్లో ఓనర్‌తో మాట్లాడి ఒప్పుకున్నారు. మీరూ ఒరిజినల్ ఇవ్వకండి. ఆ కుర్రాడు మాత్రం విసుక్కోకుండా సైకిళ్ళు రెండుసార్లు మార్చిచ్చాడు, అందుకే ఆ రెండు మార్కులు.

డబ్బు కట్టేముందు అయిదు నిమిషాలు అక్కడే చూసుకోండి. రెండు బ్రేకులూ నొక్కి సైకిల్‌ని ముందుకి తోయండి, చక్రం తిరగకూడదు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు చాచినట్టు ఉండాలి. అద్దె షాపుల్లో సీటు ఎప్పుడూ కిందకే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులన్నీ అక్కడి నుంచే. గేర్లన్నీ ఒకసారి మార్చి చూడండి, చైను జారితే వెంటనే తెలిసిపోతుంది.

ట్రాక్ మీద తిరిగి తిరిగి బోర్ కొట్టినవాళ్ళు కోకాపేట దగ్గర దిగి గండిపేట వైపు వెళ్తుంటారు. నాకు ట్రాక్ కంటే అదే ఇష్టం. 1908 మూసీ వరదల తర్వాత మళ్ళీ అలా జరగకూడదని కట్టి 1920లో పూర్తి చేసిన చెరువు అది, ఉస్మాన్ సాగర్ అని రికార్డుల్లో ఉన్నా మనకి గండిపేటే. చుట్టుపక్కల రాళ్ళ గుట్టలు, మట్టి బాటలు ఇంకా కొంత మిగిలి ఉన్నాయంటే, చెరువు చుట్టూ పది కిలోమీటర్ల దాకా కట్టడాలకి పగ్గం వేసిన 1996 నాటి 111 జీవో పుణ్యం చాలా ఉంది. కానీ మట్టిలోకి దిగాలంటే సన్న టైర్ల సైకిల్ పనికిరాదు. వెడల్పు టైర్లు కావాలి, వాటిలో గాలి కూడా టైరు పక్కన అచ్చేసి ఉన్న హద్దుల్లోనే కింది అంకెకి దగ్గరగా ఉంటే పట్టు దొరుకుతుంది. సర్కారు తుమ్మ ముళ్ళ సంగతి వేరే చెప్పాలా, స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు లేకుండా అటు వెళ్తే సైకిల్ తోసుకుంటూ రావాలి. అద్దె షాపుల్లో ఇవి అడగండి, మాకిచ్చిన చోట లేవు.

చిన్నపిల్లలతో అయితే ఇదంతా వద్దు, కొండాపూర్‌లో పాలపిట్ట సైక్లింగ్ పార్క్ ఉంది, చెట్ల మధ్య బాట, కార్ల గొడవ లేదు. పెద్దవాళ్ళకి అది చిన్నదిగా అనిపించవచ్చు.

నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి, మనిషికి లీటరుకి తగ్గకుండా. టిఫిన్ రైడ్ అయ్యాకే, ముందు ఓ అరటిపండు చాలు. కారులో వచ్చేవాళ్ళు ఆదివారం ఆరింటికల్లా చేరితే పార్కింగ్ సులువు. చీకటితో మొదలుపెడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి, ట్రాక్ మీద కాదు, సర్వీసు రోడ్డు దాటే ఆ కాసేపటి కోసం.