బేస్‌మెంట్‌లో పగడాల ట్యాంకు, గోడకు బూజు: డీహ్యూమిడిఫయర్ ఎంత పని చేసింది?

న్యూజెర్సీలో బేస్‌మెంట్‌లో రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు) పెట్టుకున్నవాళ్లు డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమను లాగి నీరుగా మార్చే యంత్రం, కొనాలా వద్దా అని తర్జనభర్జన పడనక్కరలేదు. కొనాల్సిందే. అది ఏ పని చేస్తుందో, ఏది చేయదో తెలుసుకుని కొంటే మంచిది. రోజుకు 50 పింట్ల (పింటు అంటే సుమారు అర లీటరు) నీరు లాగగల యంత్రాన్ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఈ తరహా యంత్రాలకు చాలావరకు వర్తిస్తాయి.

మాది 75 గ్యాలన్ల ట్యాంకు, కింద సంప్ (ట్యాంకు నీటిని శుభ్రపరిచే సామగ్రి ఉండే తొట్టి). పైన మూత లేదు కాబట్టి రోజుకు నాలుగు లీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఎక్కడికి పోతుందన్న ఆలోచన మొదట్లో ఎవరికీ రాదు. వేసవిలో కాంక్రీటు గోడలు చల్లగా ఉంటాయి, గాలిలో తేమ అక్కడే చేరుతుంది. మా ఇంట్లో ట్యాంకు స్టాండు వెనక డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) మీద నల్లటి చుక్కలు లేచాయి, పట్టుచీరలు దాచిన సూట్‌కేసుకు తెల్లటి నూగు పట్టింది. మా అత్తగారు మెట్లు దిగుతూనే ముక్కిన బియ్యం వాసన అన్నారు. బియ్యం బస్తా మాత్రం పైన వంటింట్లో ఉంది.

యంత్రం పెట్టాక ఆ వాసన పోయింది, కొత్త చుక్కలు రాలేదు. ఆ మేరకు పూర్తి మార్కులు వేస్తాను.

కరెంటు లెక్క మాత్రం చేదుగా ఉంటుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. నాలుగు లీటర్లకు దాదాపు 2.7 యూనిట్లు. ఆ వేడిని హీటరో, పంపులో, లైట్లో ఇస్తాయి. తర్వాత డీహ్యూమిడిఫయర్ ఆ ఆవిరిని మళ్లీ నీరు చేస్తూ అదే వేడిని గదిలోకి వదులుతుంది, దానికి తోడు తన మోటారు వేడి. అంటే ఒకే నీటికి రెండుసార్లు బిల్లు కడుతున్నాం. జనవరిలో ఆ వెచ్చదనం హాయిగానే ఉంటుంది. జులైలో గది వేడెక్కి, ట్యాంకు వేడెక్కి, ఆవిరి ఇంకా పెరుగుతుంది. సంప్‌కు మూత వేశాక కొంత తెరిపి కలిగింది. ట్యాంకునే గాజుతో మూసేయమనే సలహా నాకు నచ్చదు. నీటికి గాలి ఆడదు, వేడి లోపలే ఉండిపోతుంది.

పాత యంత్రం కొనేవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికాలో 2019 నుంచి వీటి సామర్థ్యాన్ని 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తున్నారు, అంతకుముందు 27 డిగ్రీల దగ్గర కొలిచేవారు. చల్లటి గాలిలోంచి నీరు తక్కువగా వస్తుంది. అందుకే ఆనాడు 70 పింట్లన్నదీ ఇప్పుడు 50 పింట్లంటున్నదీ పనిలో ఇంచుమించు ఒకటే.

యంత్రం మీద కనిపించే తేమ అంకెను నేను నమ్మను. తెర మీద 45 శాతం ఉన్నప్పుడు స్టాండు వెనక పెట్టిన చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) 58 చూపించింది. బూజు పట్టేది గది మధ్యలో కాదు, గాలి ఆడని ఆ మూలలోనే. ఇంట్లో తేమ 60 శాతం దాటకూడదనీ, వీలైతే 30–50 మధ్య ఉండాలనీ అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సలహా. స్టాండును గోడకు జానెడు దూరం జరిపి చిన్న ఫ్యాను పెడితే ఆ మూల 50కి దిగింది.

బకెట్‌లో చేరే నీరు చూడటానికి స్వచ్ఛంగా ఉంటుంది, ట్యాంకులో తగ్గిన నీటి బదులు పోసేద్దామా అనిపిస్తుంది. వద్దు. ఆవిరిని నీరుగా మార్చే లోపలి గొట్టాల చుట్ట (కాయిల్) రాగిది కావచ్చు, ఆ రాగి కొద్దిగా కలిసినా పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకం. చేపలకు రాగి మందు వేయాల్సివస్తే వేరే ట్యాంకులో వేసేది అందుకే. దుమ్ము, బూజు కూడా ఆ నీటిలో ఉంటాయి. కుండీలోని కరివేపాకుకు కూడా నేను పోయను. ట్యాంకుకు ఆర్‌వో డీఐ నీరే, అంటే లవణాలూ మలినాలూ వడకట్టి తీసేసిన నీరే.

పాత చుక్కలు యంత్రంతో పోవు, తుడవాల్సిందే. పది చదరపు అడుగుల లోపయితే మనమే చేసుకోవచ్చని ఈపీఏ అంటుంది. నేను డిటర్జెంటు నీళ్లతో తుడిచి ఆరబెట్టాను, మెత్తబడ్డ డ్రైవాల్ ముక్కను కోయించాను. బ్లీచ్ జోలికి పోలేదు. ట్యాంకు నీటిలోని మురికిని గాలి బుడగలతో తీసే స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది, ఘాటు పొగలు అటే పోతాయి. తుడిచే రోజు స్కిమ్మర్ ఆపి, సంప్‌లో మలినాలను పీల్చుకునే కార్బన్ (బొగ్గు) కొత్తది వేశాను. తర్వాత స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటకు పెట్టాను. చలికాలంలో తలుపులన్నీ మూసినప్పుడు ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, అది నీటిలో కరిగి ట్యాంకు నీటి పీహెచ్ 7.8కి జారేది, ఇప్పుడు 8.1 దగ్గర నిలబడుతోంది.

ఇక ఫిర్యాదులు. మోత ఎక్కువ, పక్కన కూర్చుని టీవీ చూడలేం. ట్యాంకు నుంచి ఎగిరే ఉప్పు తుంపర్లకు కాయిల్ రేకుల అంచులు తెల్లబడి పొడి రాలుతున్నాయి. అందుకే ట్యాంకుకు వీలైనంత దూరంగా, గదికి అవతలి చివర పెట్టుకోండి, ఫిల్టరు తరచూ కడగండి. బకెట్ నిండితే యంత్రం ఆగిపోతుంది. వేసవి సెలవులకు ఇండియా వెళ్లేవాళ్లు గొట్టం తగిలించి నేలలోని డ్రెయిన్‌లోకి వదలాలి, డ్రెయిన్ ఎత్తులో ఉంటే లోపల పంపు ఉన్న మోడలే కొనాలి. ఆ పంపు కోసం కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.