కెనడా ఏం చేస్తే మేలు: ఎగుమతి పన్నా, ఎదురు సుంకమా, రాజీయా, సొంత దారా?

అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కెనడా సరుకు మీద సుంకాలంటూ గొడవ మొదలెట్టినప్పటి నుంచి నన్ను అడుగుతున్నది ఒకటే: కెనడా తిరగబడాలా, తగ్గాలా? నేను ముందు ఆ దేశ మాజీ ప్రధాని జీన్ క్రెటియెన్ ఏమన్నారో చూడమంటాను. 1963లో తొలిసారి ఎంపీ అయిన మనిషి, 1993 నుంచి 2003 దాకా ప్రధాని, ఇరాక్ యుద్ధానికి మేం రామని అమెరికాకి చెప్పినాయన. 2025 జనవరిలో అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో రాజీనామా ప్రకటించి, పార్లమెంటు మూతపడి, రాజధాని ఒట్టావాలో పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియని టైంలో, తన 91వ పుట్టినరోజున ఈ పెద్దాయన పత్రికలో వ్యాసం రాసి ట్రంప్‌కి గట్టిగానే అంటించారు. మార్చిలో లిబరల్ పార్టీ సభలో ఇంకో అడుగు ముందుకేసి, అవసరమైతే చమురు, గ్యాస్, పొటాష్, కరెంటు మీద మనమే ఎగుమతి పన్ను వేయొచ్చన్నారు.

కాగితం మీద ఇది ఎదురు సుంకం కన్నా తెలివైన పని. ఎదురు సుంకం వేస్తే ముందు జేబు చిల్లుపడేది కెనడా దిగుమతిదారుకే. ఎగుమతి పన్నయితే, అమెరికా కొనుగోలుదారుకి వేరే గతి లేనంత కాలం ఆ భారం చాలావరకు అతని మీదే పడుతుంది. అమెరికా మిడ్‌వెస్ట్‌లో చాలా రిఫైనరీలు కెనడా పడమటి రాష్ట్రమైన ఆల్బర్టా చిక్కటి ముడి చమురుకి తగ్గట్టు కట్టుకున్నవి, రాత్రికి రాత్రి మారలేవు.

కానీ ఆ చమురు ఆల్బర్టాది. నా దృష్టిలో అన్నీ ఇక్కడే తేలతాయి: దెబ్బ అమెరికాకి ఎంత తగులుతుందన్నది తర్వాత, ఇంట్లో ఎవరికి తగులుతుందన్నది ముందు. జనవరిలోనే రాష్ట్రాల ప్రీమియర్లందరూ, అంటే మన ముఖ్యమంత్రుల్లాంటి వాళ్లు, ఒట్టావాతో, అంటే కేంద్రంతో కలిసి ఉమ్మడి ప్రకటన చేస్తే ఆల్బర్టా ప్రీమియర్ డానియెల్ స్మిత్ ఒక్కరే సంతకం పెట్టలేదు, చమురు జోలికి రావద్దన్నారు. దాని వెనక పాత పగ ఉంది. 1980లో జస్టిన్ తండ్రి పియర్ ట్రూడో ప్రభుత్వం జాతీయ ఇంధన పథకం పెట్టి చమురు ధరలనీ ఆదాయాన్నీ ఒట్టావా గుప్పిట్లోకి లాక్కుంది. తూర్పువాళ్లు చీకట్లో గడ్డకట్టుకుపోనీ అని ఆల్బర్టాలో కార్ల వెనక స్టిక్కర్లు వేసుకు తిరిగిన కాలం అది. 1982 నుంచి 1984 దాకా ఇంధన శాఖ మంత్రి ఎవరు? క్రెటియెనే. చమురు మీద ఎగుమతి పన్ను మాట ఇంకెవరన్నా అంటే ఒక లెక్క, ఈయనంటే ఆల్బర్టాకి ఇంకో లెక్క.

కరెంటుతో ఒక ట్రయల్ కూడా జరిగింది. 2025 మార్చి 10న అంటారియో ప్రీమియర్ డగ్ ఫోర్డ్ మూడు అమెరికా రాష్ట్రాలకి పంపే కరెంటు మీద 25 శాతం వడ్డించాడు. మర్నాడు ట్రంప్ స్టీలు, అల్యూమినియం సుంకం 50 శాతం చేస్తానని బెదిరించేసరికి ఆ సాయంత్రానికే వెనక్కి తీసుకున్నాడు.

ఎదురు సుంకాలు మరీ తీసిపారేసేవి కావు. 2018లో స్టీలు గొడవప్పుడు కెనడా విస్కీ, కెచప్, నారింజ రసం లాంటివి ఏరి ఏరి సుంకం వేసింది, 2019 మేలో అమెరికా తగ్గింది. కాకపోతే అప్పుడు అమెరికా, మెక్సికో, కెనడాల కొత్త వాణిజ్య ఒప్పందం అమెరికా కాంగ్రెస్‌లో గట్టెక్కాలి, ఆ అవసరం కూడా కలిసొచ్చింది. 2025లో అలాంటి అవసరం లేదు. సెప్టెంబరు 1 నుంచి కెనడాయే చాలా ఎదురు సుంకాలు ఎత్తేసింది.

రాజీ సంగతి చూద్దాం. పెద్ద టెక్ కంపెనీల మీద కెనడా పెట్టిన డిజిటల్ పన్ను మీద అలిగి ట్రంప్ 2025 జూన్ 27న చర్చలు ఆపేస్తే, ట్రూడో తర్వాత ప్రధాని అయిన మార్క్ కార్నీ ప్రభుత్వం రెండు రోజుల్లో ఆ పన్ను రద్దు చేసింది. దక్కిందేంటి? ఆగస్టు 1న, ఆ మూడు దేశాల ఒప్పందం కిందికి రాని సరుకు మీద సుంకం 25 నుంచి 35 శాతానికి పెరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోకి వెళ్లొచ్చు కానీ 2019 డిసెంబరు నుంచి దాని అప్పీలు బెంచిలో తీర్పు చెప్పడానికి సరిపడా సభ్యులే లేరు.

ఇక సొంత దారి, అంటే అమెరికా మీద ఆధారపడకుండా వేరే మార్కెట్లు వెతుక్కోవడం. నా ఓటు దీనికే, ఇందులోనూ లొసుగుంది. 1971లో నిక్సన్ దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేసినప్పుడు కూడా కెనడా ఇదే అనుకుంది, వేరే మార్కెట్లు వెతుక్కుందామని 1972లో విధానం రాసుకుంది. అప్పటి కేబినెట్లోనూ మన పెద్దాయన ఉన్నారు. టెన్షన్ చల్లారగానే పక్కనే ఉన్న పెద్ద మార్కెట్‌ని వదిలి సముద్రాలు దాటే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఎగుమతుల్లో నాలుగింట మూడొంతులు ఈ మధ్యదాకా అమెరికాకే.

అయినా ఈసారి తేడా ఉంది. 2024 మేలో ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ విస్తరణ పూర్తయి, రోజుకి 8.9 లక్షల బ్యారెళ్లు పసిఫిక్ తీరానికి పంపే వీలొచ్చింది. రాష్ట్రాల మధ్య వ్యాపారానికి ఉన్న అడ్డుగోడలు తీయడం గురించి కూడా సీరియస్‌గా మాట్లాడుతున్నారు. క్యూబెక్‌లో బీరు కొని న్యూ బ్రన్స్‌విక్ తెచ్చుకున్న మనిషికి జరిమానా వేస్తే, 2018లో సుప్రీం కోర్టు ఆ చట్టం చెల్లుతుందనే అంది! ఇంట గెలవకుండా రచ్చ ఎలా గెలుస్తారు?

క్రెటియెన్ దగ్గర నేను తీసుకునేది ఎగుమతి పన్ను కాదు, 1994లో ఆయన చేసిన పని. ప్రీమియర్లనీ వ్యాపారులనీ వెంటబెట్టుకుని, టీమ్ కెనడా అని పేరు పెట్టి చైనా వెళ్లారు. ఆల్బర్టాకి కోపం తెప్పించకుండా అమ్మకాలు పెంచే దారి అదే. ఎగుమతి పన్ను అంటారా, వేయక్కర్లేదు, వేస్తారేమోనన్న అనుమానం వాషింగ్టన్‌లో మిగిల్చితే చాలు. అదీ ఆల్బర్టా ప్రీమియర్ కార్నీ పక్కన నిలబడితేనే పని చేస్తుంది.