విశాఖలో పద్నాలుగు బండ్లకు బస: ఆరేళ్ల తర్వాత నా సమీక్ష

మాది రాజమహేంద్రవరం. ఏటా చలి తగ్గే రోజుల్లో బైకుల మీద విశాఖ వెళ్లి, శ్రీకాకుళం, విజయవాడ నుంచి వచ్చే స్నేహితులను కలుసుకుని, బీచ్ రోడ్డు వెంట భీమిలి దాకా నడుపుతాం. మొదటి ఏడాది ఎనిమిది బండ్లు వచ్చాయి, ఇప్పుడు పద్నాలుగు బండ్లు, పద్దెనిమిది మంది. అందరికీ బస చూసే పని మొదటి నుంచీ నాదే. లాడ్జీ, సర్వీస్ అపార్ట్‌మెంట్, కాటేజీ అన్నీ చూశాక గత నాలుగేళ్లుగా సాగర్ నగర్‌లో ఒకే ఇంట్లో దిగుతున్నాం. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ ఇంటి గురించే. కానీ అక్కడికి ఎలా చేరామో చెప్పకపోతే దాని విలువ తెలియదు.

మొదటి ఏడాది ఆర్కే బీచ్ దగ్గర లాడ్జీలో దిగాం. బాల్కనీలోంచి సముద్రం కనిపించేది, గదులు శుభ్రంగా ఉన్నాయి. సెల్లార్ మాత్రం కార్లకే అన్నారు. ఎనిమిది బండ్లూ రోడ్డు వారనే పెట్టి, రెండు గంటలకొకరు కిందికి దిగి చూసుకుంటూ రాత్రంతా గడిపాం. పొద్దున్నే ఐదున్నరకు బయల్దేరదామంటే, వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసం ఆ వేళ బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేస్తారు. అది నాకు ముందు తెలియదు. లోపలి సందుల్లోంచి తిరిగి తిరిగి బయటపడ్డాం.

మరుసటి ఏడాదీ అక్కడే ఏడు గదులు చెప్పి అడ్వాన్స్ ఇచ్చాను. బయల్దేరే ముందు రోజు ఫోన్ వచ్చింది, నాలుగు గదులు పెళ్లివారికి ఇచ్చేశారట. మాఘమాసం, మంచి ముహూర్తం. అడ్వాన్స్ వెనక్కి రావడానికి నెల పట్టింది. అప్పటి నుంచి తేదీ అనుకోగానే నేను ముందు తిరగేసేది పంచాంగమే. ముహూర్తాలున్న వారాంతంలో విశాఖలో పెద్ద గ్రూపుకు గదులు దొరకడం కష్టం. పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు గానీ సంక్రాంతి సెలవుల జనం ఉంటారు. డిసెంబర్ 4 నేవీ డే, ఆ సందర్భంగా బీచ్ దగ్గర నౌకాదళ విన్యాసాలు పెట్టిన ఏడాది, వాటికి ముందు రోజుల్లో అటు వెళ్లకపోవడమే మంచిది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. 32 కిలోమీటర్ల ఆ దారి హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీల మీదుగానే పోతుంది కాబట్టి ఆ రోజు బండ్లు కదలవు.

ఆ ఏడాది ఆఖరి నిమిషంలో ఎంవీపీ కాలనీలో సర్వీస్ అపార్ట్‌మెంట్ దొరికింది. మూడు బెడ్‌రూమ్‌లు, వంటగది, మంచి నీళ్లు, లోపల ఏ లోటూ లేదు. తెల్లవారుజామున సెల్లార్‌లో బండ్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేశాం. బుల్లెట్ల చప్పుడుకు మొదటి అంతస్తులో పసిబిడ్డ లేచి ఏడ్చింది. ఆ తల్లి బాల్కనీలోకి వచ్చి ఏమీ అనలేదు, చూసి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు. ఇప్పుడు ఎక్కడ దిగినా బండ్లను వీధి చివరి దాకా తోసుకెళ్లాకే స్టార్ట్ చేస్తాం. అపార్ట్‌మెంట్లలో మాత్రం మళ్లీ దిగలేదు.

సాగర్ నగర్ ఇల్లు తెలిసినవాళ్ల ద్వారా దొరికింది. కింద ఓనర్లు ఉంటారు, పై రెండు అంతస్తులు మాకిస్తారు. మొదటిసారి చూడటానికి వెళ్లి నేను గదుల గురించి అడుగుతుంటే ఆ పెద్దాయన, "గదులు సరే బాబూ, బండ్లు ఏటి చేస్తారు? ముందు అది చూసుకోండి" అని వెనక వైపు తీసుకెళ్లారు. సిమెంటు చేసిన వాకిలి, చుట్టూ ప్రహరీ, తాళం వేసుకునే గేటు, పైన రేకుల షెడ్డు. ఇసుక నేల అయితే సైడ్ స్టాండ్ దిగబడి రాత్రికి రాత్రే బండి పక్కకు ఒరుగుతుంది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. షెడ్డు ఉండటం ఇంకా మేలు. సముద్రపు గాలిలోని ఉప్పు, రాత్రి పడే మంచు కలిస్తే పొద్దుటికి చైన్లు, డిస్కులు ఎర్రబడతాయి. డిస్కు మీది తుప్పు నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది, చైన్‌ను మాత్రం తుడిచి ఆయిల్ పెట్టాల్సిందే. తడి బండి మీద కవర్ కప్పితే చెమ్మ లోపలే నిలిచిపోతుంది. ఈ సంగతీ ఆయనే చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. పద్దెనిమిది మందికి మూడే బాత్రూమ్‌లు, ఒకదానికి గీజర్ లేదు. నాలుగు గంటల నుంచే వంతులు వేసుకోవాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి క్యాన్లు తెప్పించుకుంటాం, బండ్లు కడగడానికి కుళాయి వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకుంటాం. పరుపులు చాలవు, నలుగురైదుగురు చాపల మీద పడుకోవాలి. భోజనం బయటే. తలకు రాత్రికి 600 పడుతోంది, లాడ్జీలో 1,100 అయింది.

ఒకసారి అదనంగా ఒక రాత్రి భీమిలిలో కాటేజీ తీసుకున్నాం. చోటు చాలా అందంగా ఉంది, కానీ నగరంలో భోంచేసి అంత దూరం చీకట్లో, ఎదురుగాలిలో నడపడం అలసిపోయినవాళ్లకు మంచిది కాదు. కుటుంబంతో అయితే తప్పకుండా వెళ్తాను.

మా వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. అనకాపల్లి దాటాక సబ్బవరం మీదుగా ఆనందపురం చేరి, అక్కడి నుంచి మధురవాడ, ఎండాడ వైపు దిగండి. కాస్త చుట్టే అయినా సామానుతో నిండిన బండ్లకు గాజువాక, ఎన్ఏడీ కూడళ్ల ట్రాఫిక్ తప్పుతుంది. ఎక్కడ దిగినా మనుషుల లెక్కతో పాటు బండ్ల లెక్క కూడా ముందే వాట్సాప్‌లో రాసి, "సరే" అనిపించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. అందరి ఆధార్ కాపీలు ఒకరి దగ్గరే ఉంటే గేటు దగ్గర అరగంట కలిసొస్తుంది.

సాగర్ నగర్ ఇంటికి నేను పదికి ఎనిమిది ఇస్తాను. మాఘానికి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. వాకిట్లోకి దిగే రెండు మెట్ల మీద ఈసారి ర్యాంపు పోయించారు. బాత్రూమ్ సంగతి కూడా అడిగాను, వేసవిలో చూద్దాం బాబూ అన్నారు.