మార్కెట్ పతన పాఠాలు చెప్పే ఆన్‌లైన్ కోర్సు: అప్పు దగ్గర బలం, కొనుగోలు దగ్గర తడబాటు

స్థిరాస్తి మార్కెట్ పతనాల నుంచి మదుపరులు ఏమి నేర్చుకోవాలో చెబుతామనే ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావరకు ధరల గ్రాఫుతో మొదలై, అడుగున కొనమనే సలహాతో ముగుస్తాయి. ఇటీవల నేను పూర్తి చేసిన కోర్సు ఆఖరి పాఠాల్లో ఆ గాడిలోనే పడినా, మొదటి సగం మాత్రం వేరే దారిలో నడిచింది. ధర తగ్గినంత మాత్రాన ఆస్తి చేజారదని, ధర తగ్గి ఉన్న కాలంలోనే అప్పు గడువు తీరడమో, వాయిదా కట్టే శక్తి సన్నగిల్లడమో జరిగితే చేజారుతుందని బోధకుడు తొలి పాఠంలోనే చెప్పి, మిగతా చర్చను దాని చుట్టూ అల్లారు. వీడియో పాఠాలతో పాటు ఒక స్ప్రెడ్‌షీటు, వారానికొక ప్రశ్నోత్తరాల సమావేశం ఇందులో భాగం.

రుణాలపై చెప్పిన పాఠాలు ఈ కోర్సుకు ప్రాణం. అమెరికాలో భారీ షాపింగ్ మాల్స్ నడిపిన జనరల్ గ్రోత్ ప్రాపర్టీస్ 2009 ఏప్రిల్‌లో సుమారు 2,700 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా రక్షణ (అప్పులిచ్చినవారి వసూళ్లను కోర్టు తాత్కాలికంగా ఆపే ఏర్పాటు) కోరింది. ఆ సంస్థ మాల్స్‌లో చాలావాటికి అద్దెలు వస్తూనే ఉన్నాయి. అయితే గడువు తీరుతున్న రుణాలను తీర్చడానికి కొత్త రుణం ఇచ్చే మార్కెట్టే ఆ సమయంలో స్తంభించిపోయింది. గడువులు పొడిగించుకున్నాక 2010 చివర్లో సంస్థ మళ్లీ బయటపడగలిగింది. దీనికి ఎదురుగా హాంకాంగ్ అనుభవాన్ని నిలబెట్టడం బోధకుడి నేర్పు. అక్కడ 1997 నుంచి 2003 వరకు ఇళ్ల ధరలు 60 శాతానికి పైగా పడిపోయి, లక్షకు పైగా గృహరుణాల్లో ఇంటి విలువ అప్పు కంటే తక్కువకు చేరింది. అయినా మూడు నెలలకు మించి వాయిదాలు ఆగిపోయిన రుణాలు 2 శాతం దాటలేదు. కొనుగోలు విలువలో సాధారణంగా 70 శాతానికి మించి రుణం ఇవ్వని కట్టుబాటు, ఏళ్ల తరబడి నెలనెలా తీర్చే పద్ధతి, వాయిదాలు కట్టగలిగిన జీతాలు అక్కడ చాలామందిని కాపాడాయని వివరించిన తీరు నాకు నచ్చింది. ధరల గ్రాఫు ఒక్కటే చూసేవారికి మాల్స్ సంస్థ కంటే హాంకాంగ్ కుటుంబాలే పెద్ద ప్రమాదంలో ఉన్నట్టు కనిపిస్తాయి.

వాయిదాకు, రాబడికి మధ్య ఉండవలసిన వెసులుబాటుపై చెప్పిన లెక్క కూడా విలువైనదే. రుణదాతలు తరచుగా అడిగే నిష్పత్తి 1.25, అంటే 100 వాయిదాకు 125 నికర రాబడి. వినడానికి ఇది నాలుగో వంతు భద్రతలా ఉంటుంది. మొత్తం అద్దె 200, పన్నులు, బీమా, మరమ్మతుల ఖర్చు 75 అనుకుంటే, అద్దె ఎనిమిదో వంతు తగ్గి 175కి చేరగానే చేతిలో మిగిలేది సరిగ్గా వాయిదాకు సరిపోయే 100 మాత్రమే. ఏడాదిలో నెలన్నర ఖాళీగా ఉన్నా ఫలితం అదే. అద్దె తగ్గినా ఖర్చు తగ్గదన్న ఈ చిన్న సంగతి అమ్మకపు ప్రకటనల్లో ఎన్నడూ కనబడదు (కనబడితే అమ్మకం జరగదు కాబోలు).

చిత్రమేమంటే, ఇంత బాగా చెప్పిన పాఠాన్ని కోర్సుతో ఇచ్చిన స్ప్రెడ్‌షీటే పట్టించుకోలేదు. రుణం గడువు తీరిన రోజున అదే వడ్డీకి, అదే మొత్తానికి తిరిగి మంజూరవుతుందని అందులో ముందే అనుకున్నారు. విలువ పడిపోయినప్పుడు బ్యాంకు తక్కువ మొత్తమే ఇస్తే, మిగిలిన తేడాను సొంత డబ్బుతో పూడ్చవలసి వస్తుంది; దానికి ఒక్క వరుస కూడా లేదు. పైగా పతనాన్ని పరీక్షించే ఏర్పాటు ఒకటే ఉంది, అది 2008 తరహాది. అప్పుడు రుణాలు దొరకడం కష్టమైనా, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అదే ఏడాది డిసెంబరుకల్లా తన వడ్డీని సున్నా దాకా దించింది. 2022 మార్చి నుంచి 2023 జులై మధ్య అదే వడ్డీ దాదాపు సున్నా నుంచి 5.25–5.50 శాతానికి ఎక్కింది. మారే వడ్డీపై అప్పు తెచ్చుకున్నవారికి మొదటిది ఊరట, రెండోది ఉరి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టిన సాధనాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరం.

ప్రాంతాల మధ్య తేడాలపై ఉన్న పాఠం చిన్నదే కానీ పనికొస్తుంది. 2006 శిఖరం నుంచి 2012 వరకు అమెరికా ఇళ్ల ధరలు జాతీయ స్థాయిలో నాలుగో వంతుకు పైగా తగ్గితే, లాస్ వేగాస్‌లో దాదాపు 60 శాతం పడిపోయాయి. సగటును చూసి ధైర్యం తెచ్చుకోవడంలో ఉన్న ముప్పు దీనితో తేటతెల్లమవుతుంది. పత్రాల పరిశీలనపై ఉన్న పాఠం మాత్రం ఎక్కడైనా దొరికే సమాచారమే.

చివరి రెండు పాఠాలు పతనంలో కొనడం గురించినవి. ఉదాహరణలన్నీ 2012 తర్వాత కోలుకున్న అమెరికా మార్కెట్టువే. జపాన్‌లో 1991 తర్వాత భూముల ధరలు దశాబ్దానికి పైగా దిగజారుతూనే పోయాయన్న సంగతి ఒక్కసారైనా ప్రస్తావనకు రాలేదు. మూడేళ్లు తగ్గాక అడుగు తగిలిందనుకుని అక్కడ అప్పు చేసి కొన్నవారి లెక్క ఏమై ఉంటుందో చర్చించి ఉంటే, ఈ పాఠాలకు మొదటి సగంతో పొత్తు కుదిరేది. ఇదే విషయం ప్రశ్నోత్తరాల సమావేశంలో అడిగితే, ఓపిక పట్టినవారికి మార్కెట్ ఎప్పుడూ ప్రతిఫలం ఇస్తుందని బోధకుడు జవాబిచ్చారు. ఎంతకాలం ఓపిక పట్టగలమన్నది రుణ ఒప్పందంలోని తేదీ మీద ఆధారపడుతుందని తొలి పాఠంలో చెప్పింది ఆయనే.

రాబోయే రెండు మూడేళ్లలో గడువు తీరే రుణాలున్న మదుపరులకు మొదటి సగం కోసమైనా ఈ కోర్సును సూచిస్తాను. అప్పు లేకుండా కొనేవారికి ఇందులో దక్కేది తక్కువ. స్ప్రెడ్‌షీటును వాడదలచినవారు ముందుగా గడువు తేదీ, ఆ రోజున ఆస్తికి రాగల కనీస విలువ, దానిపై బ్యాంకు ఇవ్వగల మొత్తం, సొంతంగా తేవలసిన తేడా అనే నాలుగు వరుసలను తామే చేర్చుకోవాలి.