పాత గనులు, పాత జైళ్లు: అరిజోనాకా, మోంటానాకా?

అమెరికాలో రోడ్ ట్రిప్ అంటే మనవాళ్లకు నేషనల్ పార్కులే. ఈసారి పాత గనులు, జైళ్లు చూద్దామనుకుంటే రెండు దారులున్నాయి: అరిజోనాలో బిస్బీ–యూమా, మోంటానాలో బ్యూట్–డీర్ లాడ్జ్. బిస్బీ, బ్యూట్ రెండూ రాగితో బతికిన ఊళ్లే; పాత జైళ్లేమో యూమా, డీర్ లాడ్జ్‌లలో ఉన్నాయి.

అసలు తేడా దూరంలో ఉంది. బ్యూట్ నుంచి డీర్ లాడ్జ్ 40 మైళ్లే. పొద్దున గని, మధ్యాహ్నం జైలు చూసేయొచ్చు. బిస్బీ నుంచి యూమాకు ఐదు గంటల డ్రైవింగ్, చాలావరకు ఎడారే. వెనక సీట్లో పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు.

గని లోపలికి వెళ్లే సరదా మాత్రం బిస్బీదే. 1975లో మూతపడ్డ క్వీన్ మైన్‌లోకి హెల్మెట్, లైటు ఇచ్చి, చిన్న రైలు బండి మీద అటో కాలు ఇటో కాలు వేయించి తీసుకెళ్తారు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల 8 డిగ్రీలే, స్వెటర్ ఉండాల్సిందే. బ్యూట్‌లోనూ ఆర్ఫన్ గర్ల్ గనిలోకి దింపుతారు గానీ, అక్కడ చూడాల్సింది బర్కిలీ పిట్. 1982లో నీళ్లు తోడే పంపులు ఆపేశాక విషపు నీళ్లతో నిండిన పాత రాగి గని గుంత అది. 1995లో ఆ నీళ్ల మీద వాలిన తెల్లబాతులు 342 చచ్చిపోయాయి.

1917 వేసవి రెండు ఊళ్లకూ అచ్చిరాలేదు. జూన్‌లో బ్యూట్ గనిలో మంటలు లేచి 168 మంది పోయారు. జూలైలో బిస్బీలో సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా కార్మికులను తుపాకులు చూపించి పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి, న్యూమెక్సికో ఎడారిలో వదిలేశారు.

జైళ్లలో యూమా (1876–1909) చిన్నది. తొమ్మిదడుగులకు ఎనిమిదడుగుల గదిలో ఆరుగురు. బండను తొలిచిన చీకటి కొట్టు చూస్తే చాలు, ఒళ్లు జలదరిస్తుంది. డీర్ లాడ్జ్ జైలు 1979 దాకా నడిచింది. 1959లో ఖైదీల తిరుగుబాటులో సైనికులు దాని బురుజు మీదికి బజూకా (భుజం మీద పెట్టి రాకెట్లు పేల్చే ఆయుధం) పేల్చారు. అదే టికెట్ మీద పాత కార్ల మ్యూజియం కూడా ఉంది; జైలంటే మొహం చిట్లించేవాళ్లను అక్కడ వదిలేయొచ్చు.

వేసవిలో ఎల్లోస్టోన్ వెళ్తుంటే మోంటానాకే నా ఓటు. చలికాలంలో బ్యూట్‌లో ఆర్ఫన్ గర్ల్ గని చూపించే మ్యూజియం మూసేస్తారు కాబట్టి డిసెంబర్ సెలవులకు బిస్బీ. యూమా కోసం పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. శాండియాగో నుంచి ఐ-8 హైవే మీద వస్తుంటే ఎలాగూ దారిలోనే తగులుతుంది.