స్ప్రింగులా కాయిలోవర్లా? ఎల్‌ఈడీ బల్బా ప్రొజెక్టరా? కారు దించేవాళ్ళకు ఏది మేలు

కంపెనీ ఎత్తు కంటే కిందికి దించిన నా కారు చూసినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ రెండే. "స్ప్రింగులే వేశావా, కాయిలోవర్లా?" అనేది ఒకటి (కాయిలోవరంటే ఎత్తు సర్దుకునే వీలున్న స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జత). "లైట్లకు బల్బులు మారిస్తే సరిపోదా, ప్రొజెక్టర్ దాకా ఎందుకు?" అనేది రెండోది (ప్రొజెక్టరంటే వెలుగును లెన్స్ ద్వారా మలిచి రోడ్డు మీద వేసే దీపం). ఒక్కొక్కరికీ చెప్పిందే చెబుతున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను. మూడు నెలల తేడాతో ఈ రెండు పనులూ చేయించుకున్నాను. ముందు స్ప్రింగులు, తర్వాత లైట్లు. దేని దారి దానిదే అనుకోవడం నేను చేసిన తప్పు.

స్ప్రింగులు వేసిన మొదటి వారంలో, రాత్రి బయటికి వెళ్తే ఎదురొచ్చే కార్లవాళ్ళు వరసగా డిప్పర్ కొట్టడం మొదలుపెట్టారు. నేనేమో లో బీమ్‌లోనే ఉన్నాను. అప్పటికి లైట్ల జోలికి వెళ్ళనే లేదు, కంపెనీ హాలోజెన్లే. ఏం జరుగుతోందో అర్థంకాక మూడు రోజులు టెన్షన్ పడ్డాను. నాలుగో రోజు చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపాను. హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించాను. లైటు వేస్తే వెలుగు పై అంచు సరిగ్గా టేపు మీదే వచ్చి నిలబడింది. నిజానికి అది టేపుకు 10 సెంటీమీటర్లు కిందుండాలి. చాలా కార్ల హెడ్‌లైట్ దగ్గర "1.0%" అని ముద్ర కనిపిస్తుంది. ఆ లెక్క ఇదే: ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల వాలు.

ఆ వాలు ఎక్కడికి పోయిందో లెక్క కడితే నాకే ఆశ్చర్యం వేసింది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.5 మీటర్లున్న కారులో, ముందుకంటే వెనక 2.5 సెంటీమీటర్లు ఎక్కువ దిగితే చాలు, బండి ముక్కు ఒక శాతం పైకి లేస్తుంది. కంపెనీ ఇచ్చిన వాలు మొత్తం అక్కడే అయిపోతుంది. వెలుగు నేల మీద పడకుండా నేరుగా వెళ్తుంది, రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. రెండున్నర సెంటీమీటర్లంటే బొటనవేలి వెడల్పు అంతే.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. ముందు భాగం 2.5 సెంటీమీటర్లు ఎక్కువ దిగిందనుకోండి, వాలు రెండు శాతం అవుతుంది. 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపం వెలుగు మామూలుగా 65 మీటర్ల దాకా వెళ్తుంది. ఇప్పుడు 31 మీటర్లకే నేలను తాకుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం ఒకటిన్నర సెకను కూడా ఉండదు. ఎదుటివాళ్ళు డిప్పర్ కొట్టరు కాబట్టి ఈ లోపం ఎవరూ పట్టించుకోరు కూడా.

అందుకే ఏది మేలని అడిగినవాళ్ళతో "ఎంత దించుతావు, ఎంత వెలుగు కావాలి" అనే మాట నేను ఎత్తను. దించాక స్ప్రింగుకు కదలడానికి ఎంత చోటు మిగిలింది, వెలుగు ఎక్కడ పడుతోంది? నా దృష్టిలో తేల్చేవి ఈ రెండే.

కిందికి దించడంలో ఏది మేలు?

కంపెనీ షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి పొట్టి స్ప్రింగులు మాత్రమే వేయించడం అందరికీ మొదట తట్టే మార్గం. ఖర్చు తక్కువ, పని ఒక్క రోజులో అయిపోతుంది, కారు కూడా చూడ్డానికి బాగుంటుంది. కష్టమల్లా షాక్ అబ్జార్బర్ లోపలే. కొత్త స్ప్రింగు పొట్టిది కాబట్టి పిస్టన్ రాడ్ ఎప్పుడూ కొంత లోపలికి వెళ్ళే ఉంటుంది. గుంత తగిలినప్పుడు చక్రం పైకి రావడానికి మామూలుగా 8 సెంటీమీటర్లు ఉందనుకుందాం. కారును 4 దించితే మిగిలేది 4. ఆ తర్వాత బంప్ స్టాప్ అనే రబ్బరు అడ్డు తగులుతుంది. చాలామంది "స్ప్రింగు గట్టిగా ఉంది" అంటుంటారు. నిజానికి వాళ్ళ నడుముకు తగిలేది స్ప్రింగు కాదు, ఆ రబ్బరు ముక్క.

ఇది తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. షాక్ అబ్జార్బర్ రాడ్ మీద దుమ్ము తొడుగు పైకి జరిపి, రాడ్‌కు ఒక చిన్న ప్లాస్టిక్ జిప్ టై బిగించి, సిలిండర్ మూతికి ఆనేలా కిందికి నెట్టి వదిలేయండి. రోజూ తిరిగే దారిలో రెండు రోజులు తిరిగి వచ్చి చూడండి. రాడ్ ఎంత లోపలికి వెళ్ళిందో టై అక్కడి దాకా జరిగి ఆగిపోయి ఉంటుంది. నా మొదటి స్ప్రింగులతో అది బంప్ స్టాప్‌కు నొక్కుకుపోయి కనిపించింది. మామూలు రోడ్డు మీదే, నేనొక్కణ్ణే ఉన్నప్పుడే ఆ పరిస్థితి. స్ప్రింగులు అమ్మినవాళ్ళు ఈ మాట ముందు చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు.

తర్వాత స్ప్రింగులు, వాటికి జోడీగా తయారైన షాక్ అబ్జార్బర్లు కలిపి వచ్చే సెట్ తీసుకున్నాను. ఈ షాక్ అబ్జార్బర్ బాడీ పొట్టిగా ఉంటుంది కాబట్టి పోయిన చోటు కొంత తిరిగి వస్తుంది. లోపలి వాల్వులు కూడా గట్టి స్ప్రింగును అదుపు చేసేలా ఉంటాయి. గుంత దాటాక బండి రెండు మూడు సార్లు ఊగడం ఆగిపోయింది. దించింది 30 మిల్లీమీటర్లే. ఫెండర్‌కూ టైరుకూ మధ్య ఇంకా గ్యాప్ కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది.

కాయిలోవర్ల గురించి న్యాయంగా చెప్పాలి. నాలుగు మూలలా ఎత్తు విడివిడిగా సర్దుకోగలగడం చాలా పెద్ద సౌకర్యం. నాకు వచ్చిన "వెనక ఎక్కువ దిగింది" అనే తలనొప్పి కాయిలోవర్లతో వచ్చినా ఒక రెంచితో పోతుంది. తీసుకునేటప్పుడు ఒకటి చూడండి. కొన్నింటిలో ఎత్తు మార్చాలంటే స్ప్రింగు కూర్చునే రింగును కిందికీ పైకీ తిప్పాలి, అంటే ఎంత దించితే అంత చోటు పోతుంది. మరికొన్నింటిలో అడుగు బ్రాకెట్టే విడిగా జరుగుతుంది, అక్కడ దించినా షాక్ అబ్జార్బర్ కదలిక అలాగే ఉంటుంది. కొంటే రెండో రకమే కొనాలి. మరలకు తుప్పు పట్టకుండా ఏడాదికి రెండుసార్లైనా కడిగి గ్రీజు రాసే ఓపిక ఉండాలి. ట్రాక్ మీద నడిపేవాళ్ళకు, తరచూ చక్రాలు మార్చేవాళ్ళకు కాయిలోవర్లే మేలు. ఒకసారి బిగించి మళ్ళీ ముట్టుకోనివాళ్ళు జోడీ సెట్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) బాగుంటుంది. కాకపోతే కంప్రెసర్, ట్యాంకు, గొట్టాలు, సెన్సర్లు అన్నీ చూసుకోవాలి. ఆగినప్పుడు కారు నేలకు ఆనాలనే కోరిక గట్టిగా ఉన్నవాళ్ళు దానికే వెళ్ళండి.

స్ప్రింగు కోయించడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. చివరి చుట్టు కూర్చోవాల్సిన పళ్ళెంలో సరిగ్గా కూర్చోదు, చక్రం గాలిలో వేలాడినప్పుడు స్ప్రింగు దాని చోటు నుంచి జారిపోవచ్చు. వేడి చేసి కుంగదీస్తే ఉక్కు పదునే పోతుంది.

ఎంత దించితే అంత గ్రిప్ అని చాలామంది నమ్ముతారు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు భాగంగా ఉండే అమరిక) ఉన్న కార్లలో ఇది ఒక హద్దు వరకే నిజం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది కడ్డీ) చక్రం వైపు పైకి వాలేంతగా దించితే, కారు బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో బండి మునుపటికంటే ఎక్కువ ఒరగాలని చూస్తుంది. స్ప్రింగు గట్టిదనం ఆ ఒరుగుడును కప్పిపుచ్చుతుంది, అంతే. 25–30 మిల్లీమీటర్ల దగ్గర ఆగమని నేను చెప్పడానికి, స్ప్రింగుకు మిగిలే చోటు తర్వాత, ఇది రెండో కారణం.

లైట్లలో ఏది మేలు?

హెచ్4 బల్బును (లో, హై బీమ్‌లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం) గాజు మీద వేలు పడకుండా పట్టుకుని దగ్గరగా చూడండి. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న చెంచాలాంటి లోహపు దొన్నె ఉంటుంది. ఆ దొన్నె రిఫ్లెక్టర్ కింది సగానికి వెలుగు పోకుండా ఆపుతుంది. ఆ సగం మీద పడిన వెలుగే పైకి తన్ని ఎదుటివాడి కళ్ళకు తగిలేది. రిఫ్లెక్టర్ ఒంపులన్నీ ఆ సన్నని తీగ ఎక్కడుందో లెక్కపెట్టి చేసినవే. తీగ చోటు ఒక మిల్లీమీటరు మారినా రోడ్డు మీద బొమ్మ మారిపోతుంది.

ఇప్పుడు అదే హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడతాం. గుండ్రటి తీగ స్థానంలో పలుచని పలక, దానికి రెండు వైపులా చిప్‌లు. పలక మందంగా ఉంటే ఆ మేరకు వెలుగు పుట్టే చోటు పక్కకు జరిగినట్టే. చిప్‌లు కుడి ఎడమలకు కాకుండా కిందికీ పైకీ తిరిగి ఉంటే ఇంకా చెడుతుంది. డ్రైవర్ సీట్లో కూర్చున్నవారికి మాత్రం అద్భుతంగా అనిపిస్తుంది, ఎందుకంటే బానెట్ ముందు పది మీటర్లు పట్టపగలులా వెలిగిపోతుంది. మోసం అక్కడే ఉంది. దగ్గరి వెలుగుకు కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన చీకట్లో నడిచే మనిషి అంతకుముందుకంటే తక్కువ కనిపిస్తాడు. డబ్బా మీద రాసిన లూమెన్ల అంకె ఈ సంగతి చెప్పదు. మంచి హెచ్7 (ఒకే ఫిలమెంట్ ఉండే రకం) హాలోజెన్ బల్బు ఇచ్చేది దాదాపు 1500 లూమెన్లే, కానీ అవన్నీ చేరాల్సిన చోటికే చేరతాయి.

ఎల్‌ఈడీ బల్బులన్నీ పనికిరానివని నేననడం లేదు. జర్మనీలో 2020లో ఓస్రామ్ కంపెనీ బల్బుకు రోడ్డు మీద వాడుకునే అనుమతి వచ్చింది. అయితే ఆ అనుమతి అన్ని కార్లకూ కాదు, పరీక్షించి జాబితాలో చేర్చిన కార్ల హెడ్‌లైట్లకే. బల్బునూ హెడ్‌లైట్‌నూ కలిపి చూడాలనే నా మాటకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? చాలా చోట్ల హాలోజెన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం చట్టానికి విరుద్ధం కూడా. కొనేముందు మీ దగ్గరి నిబంధన చూసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకు తెలియజేయండి.

హెచ్‌ఐడీ (ఫిలమెంట్ లేకుండా వాయువులో వెలిగే జినాన్ రకం) కిట్ల కాలం దాదాపు అయిపోయింది. వెలుగు బలంగానే ఉంటుంది, కానీ పూర్తిగా వెలగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రిఫ్లెక్టర్‌లో పెడితే ఎల్‌ఈడీ బల్బు కంటే ఎక్కువగా ఎదుటివాళ్ళ కళ్ళు పొడుస్తుంది.

నేను తీసుకున్నది బై-ఎల్‌ఈడీ ప్రొజెక్టర్, అంటే లో, హై బీమ్‌లు రెండూ ఒకే ఎల్‌ఈడీ దీపంలో ఇచ్చేది. లోపల ఒక లోహపు రేకు వెలుగును పైన కోసేస్తుంది, దాని అంచే లెన్స్ ద్వారా గోడ మీద కత్తితో గీసిన గీతలా కనిపిస్తుంది. హై బీమ్ నొక్కితే ఆ రేకు పక్కకు తప్పుకుంటుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు "టక్" అని వినిపిస్తుంది కూడా. వెలుగు పుట్టే చోటు, దాన్ని మలిచే అద్దం, కోసే రేకు, అన్నీ ఒకదానికొకటి సరిపడేలా ఒకేచోట తయారైనవి. బల్బు మార్పులో దొరకనిది ఇదే.

ఖర్చు కంటే పనితనమే ఇక్కడ సమస్య. హెడ్‌లైట్‌ను వేడి చేసి బ్యూటైల్ జిగురు మెత్తబడ్డాక అద్దం విప్పాలి, ప్రొజెక్టర్ బిగించాక కొత్త జిగురుతో మూయాలి. ఆ మూత ఒక్క చోట సరిగ్గా పడకపోయినా మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది. మూయకముందే గోడ మీద వెలుగు వేసి, రెండు గీతలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడండి. ప్రొజెక్టర్ కాస్త ఒరిగి కూర్చున్నా, మూశాక మళ్ళీ విప్పాల్సిందే. వెలుగు ఎత్తు సర్దే పాత అడ్జస్టర్ మరలు తిప్పితే ప్రొజెక్టర్ కదులుతోందా అన్నదీ అప్పుడే చూడాలి. గీతలో అంచువైపు పైకి లేచే మెట్టు మీ ట్రాఫిక్ ఏ పక్కన నడుస్తుందో ఆ పక్కకే ఉండాలి. రంగు విషయంలో నేను 5000 కెల్విన్ దాటలేదు (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంగా మారుతుంది). నీలి ఛాయ ఎక్కువైతే తడి రోడ్డు మీద చూపు అలిసిపోతుంది.

హెడ్‌లైట్ మొత్తం మార్చేవాళ్ళు డీఆర్‌ఎల్ (పగలు వెలిగే లైట్లు) అందం చూసి మురిసిపోకుండా, ఆమోదం ముద్ర, లెవెలర్ మోటారు (లోపలి నుంచే వెలుగు ఎత్తు సర్దేది) ఉన్నాయో లేదో చూస్తే చాలు. ఏ మార్పూ వద్దనుకుంటే కొత్త హాలోజెన్ బల్బులు వేసి, మసకబారిన అద్దం పాలిష్ చేయించండి. చాలా కార్లకు అదే పెద్ద మార్పు.

వరస మాత్రం తప్పొద్దు

ముందు సస్పెన్షన్, తర్వాతే లైట్లు. ఆర్మ్ బుష్‌ల (సస్పెన్షన్ కడ్డీల కీళ్ళలోని రబ్బరు తొడుగుల) బోల్టులను కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగించనివ్వకండి. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే స్ప్రింగులు కుదురుకుంటాయి, అప్పుడు అలైన్‌మెంట్. టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడాగా ఉంటే టైరు లోపలి అంచు అరిగిపోతుంది, బయటి నుంచి చూస్తే తెలియదు కూడా. ఆ తర్వాత నాలుగు మూలలా ఎత్తు కొలిచి, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి గోడ ముందు లైట్లు సర్దాలి. ఆటో లెవెలింగ్ (బరువును బట్టి లైట్ల వాలు తానే సర్దుకునే ఏర్పాటు) ఉన్న కార్లలో వెనక ఆర్మ్‌కు ఒక ఎత్తు సెన్సర్ ఉంటుంది. దించగానే కారు బరువెక్కిందని అది అనుకుంటుంది, దాన్ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయించాలి.

బాగా దించాలనుకునేవాళ్ళు ఇంకొకటి కొలవండి. ఐక్యరాజ్యసమితి ఆర్48 నిబంధన ప్రకారం లో బీమ్ దీపం నేలకు కనీసం 500 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, అమెరికాలో 22 అంగుళాలు.

నా గోడ మీది టేపు ఇంకా తీయలేదు. మొన్న వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, డిక్కీలో సామాను వేసి మళ్ళీ కొలిచాను. లెవెలర్ సున్నాలో ఉంటే గీత టేపు దాకా వచ్చేసింది. రెండుకు తిప్పాక తొమ్మిది సెంటీమీటర్లు కిందికి దిగింది.