ఉక్కపోతకు లెక్క చెప్పే డిజిటల్ హైగ్రోమీటర్

గదిలోని ఉష్ణోగ్రతను, తేమ శాతాన్ని ఒకే తెరపై చూపే డిజిటల్ హైగ్రోమీటర్‌ను వేసవిలోనూ వానకాలంలోనూ వాడి చూశాక, ఇది ఇంట్లో ఉండదగిన వస్తువే అనిపించింది. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి కావడమే మందగిస్తుంది. అందుకే 32 డిగ్రీల వేడి 40 శాతం తేమలో ఇంచుమించు 32, 33 డిగ్రీలలాగే తోచినా, 70 శాతం తేమలో 40 డిగ్రీలు దాటినట్లుగా ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఈ తేడాను థర్మామీటర్ ఒక్కటే పట్టివ్వలేదు.

వానకాలంలో దీన్ని గది మధ్యలో కంటే గోడకు ఆనించిన బీరువా వెనుక పెట్టినప్పుడే ఎక్కువ ప్రయోజనం కనిపించింది. తేమ 60 శాతం దాటి రోజుల తరబడి తగ్గకపోతే బట్టలకు, పుస్తకాలకు బూజు పట్టే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఫ్యాన్ ఎప్పుడు వేయాలో, బీరువా తలుపులు ఎప్పుడు తెరిచి ఉంచాలో ముందే తెలుస్తుంది.

అసలు లోపం వేరే చోట ఉంది. తేమ శాతం అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టుకోగల ఆవిరిలో ఎంత వంతు ఉందన్నది మాత్రమే, వేడి గాలి పట్టుకోగలిగేది ఎక్కువ. 30 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 18 గ్రాముల నీటి ఆవిరి ఉంటే, 20 డిగ్రీల వద్ద 90 శాతం ఉన్న గాలిలో ఉండేది 16 గ్రాముల లోపే. అంటే బయట చల్లగా ఉండి 90 శాతం చూపిస్తున్నప్పుడు కూడా కిటికీలు తెరిస్తే గదిలోని తేమ తగ్గవచ్చు. గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను, అంటే డ్యూ పాయింట్‌ను చూపితే ఈ చిక్కు ఉండదు. ఈ మోడల్ దాన్ని చూపదు. దానికి బదులుగా తెరపై ఇచ్చిన నవ్వు ముఖం బొమ్మ తేమ శాతాన్ని మాత్రమే చూస్తుంది కాబట్టి, ఒళ్లంతా చెమటలు కారుతున్నప్పుడూ నిశ్చింతగా నవ్వుతూనే ఉంటుంది.

కచ్చితత్వాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. తడి ముద్దగా కలిపిన ఉప్పుతో పాటు పరికరాన్ని గాలి చొరబడని డబ్బాలో ఒక రాత్రంతా ఉంచితే, సాధారణ గది ఉష్ణోగ్రతలో అది 75 శాతం చూపాలి. నాది నాలుగు శాతం ఎక్కువ చూపింది. సరిదిద్దే మీట లేనందున ఆ తేడాను వెనుక చీటీపై రాసి అంటించాను. కొత్తగా కొనేవారు డ్యూ పాయింట్‌తో పాటు ఆ సదుపాయం కూడా ఉన్న మోడల్‌నే ఎంచుకోవడం మంచిది.